చివరి సీటు దాకా

ఐదు, పది, పదిహేను, ఇరవై.
నీలం పళ్లెం మీద చిన్న గరిటెతో
మాత్రల్ని ఐదేసి చొప్పున జరపడం నా పని.
తొంభై అయితే ఒక సీసా.
వెస్ట్ వర్జీనియా కొండల సందులో మా ఊరు:
నాలుగు వందల గడప, రెండు చర్చిలు,
సగం మూతపడ్డ బొగ్గుగని.
మందుల షాపు ముందు మాత్రం
పొద్దున ఏడింటికే బారులు.

అద్దంలోంచి చూస్తే రోడ్డవతల
స్కూలు బస్సు వదిలేసి వచ్చిన వెర్నా స్టిల్ట్‌నర్.
మడతకుర్చీ, ఫ్లాస్కులో కాఫీ,
ఒళ్లో పిల్లలు రాసుకునే రూళ్ల నోటుబుక్కు.
వచ్చిన ప్రతి కారు నంబరూ ఎక్కించేది.
ఒహాయో రెండు. కెంటకీ ఏడు.
టెనెసీ నుంచి ఒక వ్యాను, అందులో ఆరుగురు.
ఆరుగురికీ ఒకే నడుంనొప్పి,
ఒకే డాక్టరు సంతకం.

లోపల నేను లెక్కపెడుతున్నాను, బయట ఆమె.
ఇద్దరి లెక్కా ఒకటే.
ఆ సంగతి ఆమెకంటే ముందు నాకే తెలుసు.

కోల్బీ సీసా కూడా నేనే నింపాను.
గనిలో పైకప్పు రాయి భుజం మీద పడ్డాక
మొదటిసారి ముప్ఫై.
"తినేముందా, తిన్నాకా?" అని అడిగాడు, బుద్ధిమంతుడు.
తర్వాత అరవై. తర్వాత తొంభై.
తర్వాత వాడు నా కళ్లలోకి చూడటం మానేశాడు,
నేను వాడి వణికే వేళ్లకేసి.
ఫిబ్రవరిలో ఒక రాత్రి
బాత్రూం తలుపు తల్లే గొడ్డలితో పగలగొట్టింది.
కుళాయి పారుతూనే ఉందట.

క్యాన్సర్‌తో పోతే
మా ఊళ్లో ఆ ఇంటికి గిన్నెలు గిన్నెలుగా కూరలొస్తాయి.
వెర్నా ఇంటికి ఒక్క మూకుడూ వెళ్లలేదు.
"పెంపకం" అన్నారు.
నేనూ అన్నాను కాబోలు, ఎవరో అంటుంటే తలూపాను.

మా యజమాని షెరీఫుకి ఫోన్ చేశాడు.
"రోడ్డు ఎవడబ్బ సొమ్ము?" అందామె, కుర్చీలోంచి లేవకుండా.
వానొస్తే గొడుగు. మంచొస్తే కోల్బీ పాత కోటు.
పద్నాలుగు నెలలు, పదకొండు నోటుబుక్కులు.

రాజధానిలో బోర్డు మీటింగు.
ఆమెకిచ్చింది మూడు నిమిషాలు.
కొడుకు ఫొటో తెస్తుందనుకున్నారంతా. తేలేదు.

"ఇరవై ఆరేళ్లుగా బస్సు తోలుతున్నా.
ట్రిప్పయ్యాక తాళం తీసుకుని దిగిపోడానికి లేదు నాకు.
లేవాలి. ఒక్కో సీటూ చూడాలి, వంగి కింద చూడాలి,
ఏ పసివాడైనా నిద్రపోయి మిగిలిపోయాడేమోనని
చివరి సీటు దాకా నడవాలి.
నడిచి, వెనక అద్దానికి 'ఖాళీ' అని బోర్డు తగిలించాలి.
ఒక్కరోజు మరిచిపోతే నా ఉద్యోగం ఊడుతుంది.
మా కౌంటీకి ఎన్ని మాత్రలొచ్చాయో మీ కాగితాల్లోనే ఉంది.
మీలో చివరి సీటు దాకా నడిచిందెవరు?"

ఎవరో నీళ్ల సీసా మూత తిప్పారు.
ఎర్ర దీపం వెలిగింది.
అధ్యక్షుడు థాంక్యూ చెప్పి తర్వాతి పేరు పిలిచాడు.
ఆకాశమేమీ విరిగిపడలేదు.
కంచె చేను మేస్తుంటే
చేను మూడు నిమిషాలు మాట్లాడింది, అంతే.

ఇదంతా నాకెలా తెలుసంటే
ఆ హాల్లో నేనూ ఉన్నాను.
పంటినొప్పని సెలవు పెట్టి,
తలకు గుడ్డ కట్టుకుని, వెనక వరసలో.

మీటింగయ్యాక అందరూ లేచిపోయారు.
ఆమె మాత్రం నోటుబుక్కుల సంచి చంకన పెట్టుకుని
అలవాటుకొద్దీ
ఒక్కో వరసా చూసుకుంటూ వెనక్కి నడిచొచ్చింది.
మోకాళ్లు నొప్పేమో, కుర్చీలు పట్టుకుంటూ.

చివరి సీట్లో నేను.

తిట్టలేదు. ఆశ్చర్యపోనూ లేదు.
బస్సులో నిద్రలేచిన పిల్లనడిగినట్టు
"నువ్వెక్కడ దిగాలమ్మా?" అంది.

నా సంచిలో
మూడేళ్ల టోకు బిల్లుల నకళ్లున్నాయి.
ఎవరికివ్వాలో
అప్పటిదాకా నాకే తెలీదు.